యూజెన్ బ్లాయిలర్ చరిత్రము

దేహమునకు వచ్చిన రోగమును నలుగురితో జెప్పుకొనుటకు మనము సంకోచింపము. మనస్సునకు వచ్చిన రోగమునైతే గడప దాటనీయక దాచుదుము. ఈ దాపఱికము తగదని తన నడవడిచే చూపిన వైద్యుని చరిత్రమును ఈ మహాసభా సంచికయందు సంఘసోదరుల కర్పించుచున్నాము. ఆయన మన దేశమువాడు గాడు, మన సంఘమువాడు గాడు. అయినను ఆయన కథ మనకు మిక్కిలి పనికివచ్చునని మా తలంపు.

యూజెన్ బ్లాయిలర్ 1857 వ సంవత్సరము ఏప్రిల్ 30 వ తేదీన స్విట్జర్లాండు దేశమున, జూరిచ్ నగర సమీపమందలి జోలికాన్ గ్రామమున కర్షక వంశమునందు జన్మించెను. ఆ ప్రాంతపు పల్లెవారికి ఉన్నతవిద్య చిరకాలము అందరాని ఫలమై యుండెను. 1833 లో జూరిచ్ విశ్వవిద్యాలయము స్థాపింపబడిన పిదపనే కృషీవలుల బిడ్డలకును ఆ ద్వారము తెఱువబడెను. ఆ నగరమందలి బర్గ్‌హోల్జ్లీ మానసిక వైద్యశాల నేలిన ఆచార్యులు జర్మనీనుండి వచ్చినవారగుటచే పల్లెవారి మాండలికము వారికి తెలియకుండెను. రోగి మాట నెఱుగని వైద్యుడు రోగి మనస్సు నెట్లెఱుగునని గ్రామస్థులు వగచుచుండిరి. బ్లాయిలర్ యక్కగారును మనోవ్యాధి పాలై ఆ వైద్యశాలయందే యుండవలసి వచ్చెను. తమవాడే యొకడు మనోవైద్యుడు గావలెనను పల్లెవారి కోరిక ఈయనయందు ఫలించెను.

1886 లో ఆయన రైన్ నదీద్వీపమందలి రైనౌ వైద్యశాలకు అధ్యక్షుడయ్యెను. పూర్వము మఠమై యుండిన ఆ భవనమున, ఇక నయము గాదని విడువబడిన దీర్ఘరోగులు వసించుచుండిరి. పండ్రెండేండ్లు ఆయన వారి నడుమనే జీవించి, వారితో పనిచేసి, వారి పలుకులను శ్రద్ధతో వినెను. ఇతరులు ప్రలాపములని త్రోసివేసిన మాటలయందును అర్థము గలదని గ్రహించెను. 1898 లో బర్గ్‌హోల్జ్లీకి అధ్యక్షుడై 1927 వఱకు ఆ పదవిని నిర్వహించెను. తల్లిదండ్రులు గతించిన పిదప అక్కగారిని అచ్చటి తన నివాసమునకే తెచ్చి పోషించెను.

అంతకుముందు జర్మను వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ ఈ వ్యాధిని డిమెన్షియా ప్రీకాక్స్ అను పేరున వర్ణించి యుండెను. చిన్ననాటనే బుద్ధి నశించుట యని దాని యర్థము. ఆ పేరు చెవిబడగానే రోగి కుటుంబము ఆశ వదలుకొనుచుండెను. వ్యాధి అందఱకును చిన్ననాటనే రాదనియు, అందఱి బుద్ధియు నశింపదనియు బ్లాయిలర్ 1908 లో బెర్లిన్ వైద్యసభయందు వాదించి, గ్రీకు పదములతో స్కిజోఫ్రీనియా యను క్రొత్త పేరును గూర్చెను. మన సంస్కృతమున దీనిని భిన్నచిత్తత యనవచ్చును. ఒక్క మనుష్యుడు ఇద్దఱగుట యని కొందఱు భ్రమపడుదురు, అది సరికాదు. తలంపునకును తలంపునకును, తలంపునకును భావమునకును గల ముడి సడలుటయే ఇచ్చటి భేదము. 1911 లో వెలువడిన ఆయన మహాగ్రంథము ఈ వ్యాధి ఒక్కటి గాదనియు, వ్యాధుల సముదాయమనియు ప్రతిపాదించెను. రోగి తనలో తాను మునిగియుండుటకు ఆయన కల్పించిన ఆటిజమను పదమునే 1943 లో లియో కానర్ అమెరికాలో శిశువులయందలి వేఱొక స్థితికి గ్రహించెను. ఒకే వస్తువుపై రాగద్వేషములు రెండును గలుగుటకు యాంబివలెన్స్ అను పదమును ఆయన సృష్టియే. ప్రసిద్ధుడగు కార్ల్ యుంగ్ 1900 లో ఆయన కడ సహాయకుడుగా చేరినవాడు.

దోషమును దాచుట చరిత్రకారునికి తగదు. తీవ్రరోగులకు సంతానము కలుగకుండ జేయుటను బ్లాయిలర్ సమర్థించెను. అక్కను ఆదరించిన చేయి అట్లు వ్రాయుట మాకు దుఃఖము గలిగించుచున్నది.

ఆయన 1939 జూలై 15 వ తేదీన స్వగ్రామముననే పరమపదించెను. కుమారుడు మాన్‌ఫ్రెడ్ తండ్రి మార్గము ననుసరించి, 208 మంది రోగులను ఇరువది యేండ్లకు పైగా పరిశీలించి 1972 లో గ్రంథము ప్రకటించెను. పెక్కురు మెరుగుపడుదురనియు, కొందఱు పూర్తిగా కోలుకొందురనియు అందు నిరూపించెను. తండ్రి యిచ్చిన పేరును శాశ్వతము గాలేదు. చీలిన మనస్సను అర్థము రోగులకు అవమానకరమని 2002 లో జపాను వైద్యులు తమ భాషలో దానిని మార్చిరి. రోగిని గౌరవింపని పేరు నిలువరాదనుట బ్లాయిలర్ నేర్పిన పాఠమే గదా.

మేము బోధించిన విద్యార్థి యొకడు, మిక్కిలి తెలివిగలవాడు, ఉన్నట్లుండి మాటలు మానెను. గాలి సోకినదని కొందఱు, బయటపడినచో చెల్లెలి పెండ్లి తప్పునని కొందఱు చెప్పగా ఇంటివారు రెండేండ్లు దాచిరి. మేమును ఊరకుంటిమి. పిదప వైద్యముచే వాడు తేఱుకొనెను గాని చదువు నడుమనే నిలిచిపోయెను. ఆ మౌనము నేటికిని మమ్ము బాధించుచున్నది.

సంఘ పోషకులారా, పేదవిద్యార్థుల చదువునకై మీరిచ్చు ద్రవ్యమునుండి మన మాట నెఱిగిన మనోవైద్యుడొకడు ఉదయించుగాక. అందాక మన యిండ్లలోని రోగులను చీకటి గదులనుండి వెలికి దెచ్చి వైద్యునికి చూపుదము.