మన గాజుతొట్టిలో చేపలకు పేరు పెట్టిన డాక్టరు

బడి వరండాలో ఓ చిన్న అక్వేరియం ఉంటే బాగుంటుందని చాలామంది ఉపాధ్యాయులు అనుకుంటారు. దుకాణానికి వెళితే నీలి చారల జీబ్రా డానియో, తేనెరంగు హనీ గౌరామి, ఎర్ర చారల డ్వార్ఫ్ గౌరామి, రోజీ బార్బ్, ఒంట్లో ముళ్లన్నీ బయటికి కనిపించే గ్లాస్ ఫిష్ కళ్లబడతాయి. ఇంగ్లిషు పేర్లు చూసి ఇవి ఎక్కడో విదేశాల నుంచి వచ్చాయనుకుంటాం. కానీ ఈ ఐదూ మన ఉపఖండపు వాగుల్లో, చెరువుల్లో, వరిచేల నీళ్లలో పెరిగినవే. ఐదింటినీ శాస్త్రలోకానికి పరిచయం చేసింది కూడా ఒక్కరే. ఆయన డాక్టర్ ఫ్రాన్సిస్ హామిల్టన్. ఇండియాలో ఉన్నంతకాలం ఆయన్ను ఫ్రాన్సిస్ బుకానన్ అనేవారు.

అమ్మభాషలో చదువు చెప్పే బడుల పేజీలో ఈయన గురించి ఎందుకంటే, చేపలకు పేర్లు పెట్టడంలో ఆయన ఎంచుకున్న దారి మనకు పనికొస్తుంది. చాలా చేపలకు ఆయన కొత్త పేరు కల్పించలేదు. పట్టినవాళ్లు ఏమని పిలుస్తున్నారో అడిగి, ఆ మాటనే శాస్త్రంలోకి తీసుకెళ్లారు.

ఓడల మీద వైద్యుడు

ఫ్రాన్సిస్ 1762 ఫిబ్రవరి 15న స్కాట్లాండ్‌లోని పర్త్‌షైర్‌లో పుట్టారు. ఎడిన్‌బరోలో వైద్యం చదివి 1783లో పట్టా అందుకున్నారు. అక్కడే జాన్ హోప్ దగ్గర వృక్షశాస్త్రం నేర్చుకున్నారు. ఆ రోజుల్లో మందులు చాలావరకు మొక్కల నుంచే వచ్చేవి కాబట్టి వైద్యుడికి మొక్కలు తెలిసి ఉండాలి. ఫ్రాన్సిస్‌కు అది అవసరంతో ఆగలేదు, జీవితకాలపు ఇష్టమైంది. కొన్నేళ్లు ఆసియాకు వచ్చిపోయే ఓడల మీద వైద్యుడిగా తిరిగి, 1794లో ఈస్టిండియా కంపెనీ బెంగాల్ వైద్య విభాగంలో చేరారు. మరుసటి ఏడాదే కంపెనీ రాయబారి బృందంతో కలిసి బర్మా వెళ్లారు.

తర్వాత ఇప్పటి బంగ్లాదేశ్‌లోని లక్ష్మీపూర్‌లో ఉద్యోగం. చుట్టూ నదులే. అక్కడే ఆయన చేపల పరిశీలన మొదలుపెట్టారు. కలకత్తా దగ్గర బరూయీపూర్‌లో పనిచేసినప్పుడు దాన్ని కొనసాగించారు. బెంగాలీ చిత్రకారులు ఆయన కోసం జీవుల బొమ్మలు గీసేవారు. వారిలో హలుదార్ అనే చిత్రకారుడి పేరు నేటికీ నిలిచి ఉంది.

మద్రాసు నుంచి మైసూరు మీదుగా

1799లో టిప్పు సుల్తాన్ మరణించాక మైసూరు సీమ ఎలా ఉందో చూసి రమ్మని గవర్నర్ జనరల్ వెల్లస్లీ ఆయన్ను పంపారు. 1800 ఏప్రిల్‌లో మద్రాసులో బయల్దేరి మైసూరు, కన్నడ తీరం, మలబారు తిరిగి 1801లో యాత్ర ముగించారు. పంటలు, చెరువులు, మగ్గాలు, సంతలు, కులవృత్తులు అన్నీ అడిగి రాసుకున్నారు. ఆ యాత్రా గ్రంథం 1807లో మూడు సంపుటాలుగా అచ్చయింది. కర్ణాటకలో స్థిరపడిన మన పాఠకులకు అందులో ఒక ఆసక్తికర విషయం ఉంది. బణజిగ వర్తకుల గురించి రాస్తూ, వారిలో తెలుగు మూలం ఉన్నవారిని ఆయన విడిగా పేర్కొన్నారు. అంటే రెండు శతాబ్దాల కిందటే అక్కడ మనవాళ్ల ఉనికి గ్రంథస్థమైంది.

ఒక సంగతి మరచిపోకూడదు. ఆయన కంపెనీ ఉద్యోగి. కంపెనీకి కావలసింది భూమి, పంట, రాబడి లెక్కలు. ఆ లెక్కల కోసం వేసిన ప్రయాణాల్లోనే మొక్కలు, చేపలు కూడా ఆయన పుస్తకాల్లోకి ఎక్కాయి.

1802లో నేపాల్ వెళ్లారు. తిరిగి వచ్చాక బారక్‌పూర్‌లోని జంతుశాల బాధ్యత చూశారు. 1807 నుంచి 1814 వరకు బెంగాల్ ప్రెసిడెన్సీలోని పలు జిల్లాలు తిరిగి పెద్ద సర్వే చేశారు. దినాజ్‌పూర్, రంగ్‌పూర్, పూర్ణియా, భాగల్పూర్, గోరఖ్‌పూర్ అందులోవే. ఇవన్నీ గంగ, దాని ఉపనదుల ప్రాంతాలు. మన జీబ్రా డానియో కోసీ నదిలో ఉంటుందని ఆయనే రాశారు.

బొమ్మలు లేని చేపలు

1814లో రాక్స్‌బర్గ్ తర్వాత కలకత్తా బొటానికల్ గార్డెన్ సూపరింటెండెంట్ అయ్యారు. ఆరోగ్యం దెబ్బతినడంతో 1815లోనే స్వదేశం బయల్దేరాల్సి వచ్చింది. వెళ్లేటప్పుడు ఒక దెబ్బ తగిలింది. ఏళ్ల తరబడి గీయించిన బొమ్మల్ని తీసుకెళ్లనివ్వలేదు. అవి కంపెనీ సొత్తని అప్పటి గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ఆపించారు. చేపల బొమ్మల్లో చాలా భాగం కలకత్తాలోనే ఉండిపోయాయి.

స్కాట్లాండ్‌లో తల్లి వైపు ఆస్తి దక్కినప్పుడు ఆమె ఇంటిపేరు హామిల్టన్‌ను స్వీకరించారు. చేతిలో ఉన్న రాతలు, కొద్దిపాటి బొమ్మలతోనే 1822లో గంగానది చేపల గ్రంథం తెచ్చారు. 400 పేజీల పుస్తకానికి 39 చిత్రఫలకాలు. అంతకుముందు శాస్త్రానికి తెలియని చేపలే అందులో 100కు పైగా ఉన్నాయి. 1829 జూన్ 15న ఆయన కన్నుమూశారు.

ఇళ్లలో గాజుతొట్టెలు పెట్టుకునే అలవాటు ఇంగ్లండ్‌లో 1850లలో గానీ ఊపందుకోలేదు. అక్వేరియం అన్న మాటను జనంలోకి తెచ్చిన ఫిలిప్ గాస్ పుస్తకం 1854లో వచ్చింది. తాను పేరు పెట్టిన చేపలు ప్రపంచమంతటా ఇళ్లలో ఈదుతాయని హామిల్టన్‌కు తెలిసే వీలే లేదు.

జాలరి నోటి మాట

శాస్త్రనామానికి రెండు మాటలు ఉంటాయి. చాలామంది శాస్త్రజ్ఞులు గ్రీకు, లాటిన్ మాటలో, దొరల పేర్లో పెట్టేవారు. హామిల్టన్ పుస్తకం తెరిస్తే బెంగాల్ చేపల సంతలో నిలబడ్డట్టు ఉంటుంది. మనం పరిగె అనే చిన్న చేపను బెంగాలీలో పూఁటి అంటారు. అదే పుంటియస్ అయింది. కాంచన్ పూఁటి నుంచి రోజీ బార్బ్‌కు కాంకోనియస్ అన్న పేరు వచ్చింది. గౌరామి జాతి చేప ఖలిశా. ఎర్రనిది లాల్ ఖలిశా, అందుకే డ్వార్ఫ్ గౌరామి లాలియస్. హనీ గౌరామి చూనా. గ్లాస్ ఫిష్ రంగా. కట్ల, రోహు శాస్త్రనామాల్లో ఉన్న కట్లా, రోహితా కూడా ఆయన పెట్టినవే. మన బజారులో బొచ్చె, శీలావతి అనేవి ఇవే.

ఈ పేర్లలో మొదటి మాట పరిశోధనతో పాటు మారుతుంటుంది. రెండో మాట సాధారణంగా నిలిచిపోతుంది. రోజీ బార్బ్‌నే చూడండి. ఇప్పుడు దాని మొదటి మాట పెథియా, అది సింహళ మాట. రెండోది బెంగాలీ. ఒక వేలెడు చేప రెండు భాషల్ని మోస్తోంది.

యానాం పాఠకులకు ఇంకో సంగతి. గోదావరికి ఎదురీది పులసగా మారే చేపకు శాస్త్రనామంలో ఇలిషా అని ఉంటుంది. అదీ హామిల్టన్ పెట్టిందే, బెంగాలీ ఇలిష్ నుంచి. ఆయన గోదావరి ఒడ్డున కూర్చుని అడిగి ఉంటే మన మాటే ఉండేదేమో! మన తీరంలో అడిగినవారు లేకపోలేదు. విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ 1803లో 200 చేపల గ్రంథం వేయించి, అక్కడి జాలరుల పేర్లనే అందులో ఉంచారు. వాలుగ చేపను శాస్త్రం నేటికీ వల్లాగో అనే పిలుస్తోంది.

పుస్తకం మీద పేరు దొరది. మాట మాత్రం జాలరిది. ఎవరో ఒకరు అడిగి రాసుకున్నారు కాబట్టే ఆ మాట బతికింది.

బడిలో హామిల్టన్ తొట్టి

ఆయన చేపలతోనే ఒక తొట్టి పెట్టవచ్చు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటే సుమారు 54 లీటర్లు పడతాయి. ఎండ నేరుగా పడని చోట, కదలని బల్ల మీద ఉంచాలి. ఇసుక బాగా కడిగి పరిచి, వెనకవైపు నీటిమొక్కలు నాటి, స్పాంజి ఫిల్టరు పెట్టాలి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే మందు చుక్కలు తప్పనిసరి.

అసలు ఓపిక ఇక్కడే కావాలి. తొట్టి నింపిన రోజే చేపల్ని వదిలితే చాలావరకు చచ్చిపోతాయి. చేపల వ్యర్థాల నుంచి అమోనియా పుడుతుంది. అది వాటికి విషం. దాన్ని నైట్రైట్‌గా, ఆపై అంతగా హానిచేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరులో పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఫిల్టరు నడుపుతూ రోజూ చిటికెడు మేత వేస్తే ఆ బ్యాక్టీరియాకు ఆహారం అందుతుంది. పరీక్ష కిట్‌లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపాకే చేపల్ని తేవాలి. పిల్లలకు ఇదే మంచి విజ్ఞాన పాఠం.

ఈ కొలత తొట్టికి 8 జీబ్రా డానియోలు, ఒక జత హనీ గౌరామి చాలు. డానియోలు గుంపులో ఉంటేనే ధైర్యంగా ఉంటాయి. ఎగిరి దూకుతాయి కాబట్టి మూత ఉండాలి. ముందు డానియోల్ని, రెండు వారాల తర్వాత గౌరామిల్ని వదలండి. రోజీ బార్బ్ పెద్దదవుతుంది, దానికి మూడడుగుల తొట్టి కావాలి. మేత రెండు నిమిషాల్లో తినేంతే వేయాలి. వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మార్చాలి. స్పాంజిని ఆ తీసిన నీళ్లలోనే పిండాలి, కుళాయి కింద కడిగితే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. వేసవి సెలవుల్లో ఎవరు చూసుకుంటారో ముందే తేల్చుకోండి. చేపలు వద్దనుకున్నా చెరువులో మాత్రం వదలకండి. వాటి జబ్బులు అక్కడి చేపలకు అంటుకుంటాయి.

తొట్టి పక్కన ఒక అట్ట తగిలించండి. ఒక వరుసలో శాస్త్రనామం, ఇంకో వరుసలో దుకాణం పేరు, మూడో వరుస ఖాళీ. ఇంట్లో అమ్మమ్మని, తాతయ్యని, బజారులో చేపలమ్మే అవ్వని అడిగి, అలాంటి చేపను మన తెలుగులో ఏమంటారో పిల్లలే ఆ వరుస నింపాలి. బళ్లారిలో ఒక మాట, బరంపురంలో ఇంకో మాట రావచ్చు. రెండూ రాయించండి. హామిల్టన్ చేసిన పనీ ఇదే. ఈసారి అది మన పిల్లల చేతిరాతలో ఉంటుంది.