ఉస్మార్ ఇస్మాయిల్

ఇంట నొక భాష, వీధిలో నొక భాష, పై చదువులకు మరియొక భాష: మన పాఠశాల బాలబాలికలకు ఇది నిత్యానుభవము. అట్టి అనుభవముతోనే పెరిగి, కవియై, నాటకకర్తయై, తుదకు తన దేశమున చలనచిత్రకళకు పితయని పేరొందిన యొక మహనీయుని చరిత్రము నిచట చెప్పదలచితిమి. ఆయన ఇండొనీషియా దేశస్థుడగు ఉస్మార్ ఇస్మాయిల్.

1921వ సంవత్సరము మార్చి 20వ తేదీన సుమత్రా ద్వీపమునందలి బుకిట్టింగి పట్టణమున ఆయన జన్మించెను. తండ్రి ఉపాధ్యాయుడు. ఇంటిభాష మినాంగ్‌కబావు. ఆ ద్వీపములు అప్పుడు డచ్చివారి యేలుబడిలో నుండుటచే బడిచదువు డచ్చి భాషలో సాగెను. ఉన్నత విద్యకై ఆయన జావా ద్వీపములోని యోగ్యకర్తా నగరమునకు పోయెను. కాని కలము పట్టినపుడు వ్రాసినది 1928లో యువజనులు తమ జాతికంతకును ఉమ్మడి భాషగా ప్రకటించిన ఇండొనీషియా భాషలో.

1942లో జపానువారు ఆ దేశము నాక్రమించిరి. వారు జకార్తాలో నెలకొల్పిన సాంస్కృతిక కార్యాలయమున ఉస్మార్ ఉద్యోగి. పరప్రభుత్వపు కొలువులో నుండియు ఆయన నాటకరచన నభ్యసించెను. 1944లో అన్నగారగు అబూ హనీఫాతోను, మరికొందరు మిత్రులతోను గూడి ‘మాయా’ యను నాటక సమాజమును స్థాపించెను. ఆయన నాటకములలో నొకదాని పేరు ‘చిత్ర’. ఈ రెండు మాటలును సంస్కృతమునుండి సముద్రము దాటి పోయి అచట వేరూనినవే. నేడు ఆ దేశపు చలనచిత్ర బహుమానమునకును చిత్రయనియే పేరు.

1945లో స్వాతంత్ర్యము ప్రకటింపబడగా, డచ్చివారు మరల దండెత్తి వచ్చిరి. ఉస్మార్ సైన్యమున చేరి మేజరు పదవి నందెను, పత్రికలను నడపెను. 1948లో సంధిచర్చల వార్తలు వ్రాయుటకై జకార్తాకు పోగా డచ్చివారు ఆయనను నిర్బంధించిరి. ఆ కాలముననే చలనచిత్ర నిర్మాణము ఆయనకు పరిచితమగుట విచిత్రము. డచ్చివారి సంస్థలో ఒక చిత్రమునకు సహాయకుడై, 1949లో తానే రెండు చిత్రములకు దర్శకత్వము వహించెను. యజమానుల జోక్యము మితిమీరుటచే వానిని తనవిగా భావింపలేకపోయెను.

1950లో ‘పెర్ఫీని’ యను స్వంత సంస్థను స్థాపించి, మార్చి 30వ తేదీన ‘రక్తము, ప్రార్థన’ యను అర్థము గల పేరుతో తొలి చిత్రము నారంభించెను. సిలివాంగి యను సేనావిభాగము మధ్య జావానుండి పశ్చిమ జావాకు ఆలుబిడ్డలతో కాలినడకన సాగించిన యాత్ర అందలి కథ. అందలి కెప్టెను సంశయముతో తడబడు మనుష్యమాత్రుడు. విజయము నింకను మరువని సైనికులకు ఇది రుచింపలేదు. కొన్ని ప్రాంతములలో చిత్రప్రదర్శనమును నిలిపివేసిరి. ఆ మార్చి 30వ తేదీనే నేడు ఆ దేశము జాతీయ చలనచిత్ర దినముగా జరుపుకొనుచున్నది.

తరువాత అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆ కళను చదివి వచ్చెను. 1954లో తీసిన ‘కర్ఫ్యూ దాటిన వేళ’ యను చిత్రము ఆయన కృతులలో మేటియని మా అభిప్రాయము. కథ అస్రుల్ సానిది. యుద్ధము ముగిసి బందుంగు నగరమునకు తిరిగి వచ్చిన ఇస్కందర్ అను యువకునకు ఎచ్చటను నిలువ నీడ దొరకదు. పూర్వపు సేనానాయకుడు అక్రమముగా ధనికుడయ్యెను. అతని మాట నమ్మి తాను చంపినవారు నిరపరాధులని యువకునకు తెలియును. యుద్ధము ముగిసిన అయిదేండ్లలోపే, తనవారి తప్పిదమును తనవారికే చూపుటకు ఎంత గుండెబలము కావలయునో!

కళ వేరు, అప్పులు వేరు. ఆనాడు ఇండొనీషియా సినిమాహాళ్లలో అమెరికా, మలయా చిత్రములతోబాటు మన హిందూదేశపు చిత్రములును విరివిగా ఆడుచుండెను. మన పాటలకు మురిసిపోవు మనము, అవి మరియొక దేశపు కళాకారుల పొట్టమీద కొట్టగలవని ఎన్నడైన తలచితిమా? 1957లో అచటి నిర్మాతలు స్టూడియోలు మూసివేసి నిరసన తెలిపిరి. ఉస్మార్ కూడ సంస్థను బ్రదికించుకొనుటకై, మనసొప్పకయే ‘ముగ్గురు కన్యలు’ అను పాటల చిత్రమును తీసెను. ముగ్గురు అక్కచెల్లెండ్రు, పెద్దదానికి వరుని వెదకు నాయనమ్మ, ఇంతే కథ. జనము విరుగబడి చూచిరి!

1955లో అస్రుల్ సానితో గూడి నాటక విద్యాలయమును నెలకొల్పెను. పిమ్మట రాజకీయ వివాదములలో చిక్కుకొనెను. కొంతకాలము పార్లమెంటు సభ్యుడుగా నుండెను. 1971 జనవరి 2వ తేదీన జకార్తాలో మెదడులో రక్తనాళము చిట్లి మరణించెను. ఏబదియేండ్లయినను నిండలేదు.

ఆయన చిత్రముల ఫిల్ములు చాలకాలము పాడువడి యుండెను. ‘కర్ఫ్యూ దాటిన వేళ’ను శుద్ధిచేసి 2012లో ఫ్రాన్సులోని కాన్ ఉత్సవమున చూపిరి. 2021లో ప్రభుత్వము ఆయనను జాతీయవీరునిగా ప్రకటించెను. అంతకు మున్నే, 2016లో, ఆయన మనసొప్పక తీసిన ఆ ముగ్గురు కన్యల చిత్రము క్రొత్త మెరుగుతో సినిమాహాళ్లకు మరల వచ్చెను.