తూటా అడవిలో పండదు

మా జూలూరుపాడు నుంచి గోదావరి దాటి భద్రాచలం వెళ్తే, అడవి అలాగే మన్యం దాకా సాగుతుంది. అక్కడ పోరాడిన అల్లూరి సీతారామరాజు కథలో నన్ను బాగా ఆలోచింపజేసింది ఆయుధాల లెక్క. బ్రిటిష్ వాళ్ళవి రైఫిళ్ళు, గిరిజనులవి విల్లంబులు. అందుకే ఆయన శత్రువు తుపాకులకే గురిపెట్టారు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లపై దాడిచేసి 26 తుపాకులు, 2,500 తూటాలు పట్టుకెళ్ళారు. సెప్టెంబరులో దామనపల్లి ఘాట్‌లో మాటువేసి ఇద్దరు తెల్ల అధికారుల్ని చంపారు. ప్రభుత్వమూ పద్ధతి మార్చింది. స్టేషన్లలో ఆయుధాలు దాచేసింది. మలబారు పోలీసుల్ని, తర్వాత కొండల్లో పోరు తెలిసిన అస్సాం రైఫిల్స్‌ని దింపింది. తుపాకీ లాక్కోవచ్చు గానీ, తూటా అడవిలో పండదు కదా! 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ని చెట్టుకు కట్టి కాల్చేశారు. అప్పటికి ఆయనకు 27 ఏళ్ళు కూడా నిండలేదు.