రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు

తెలుగువారి ఇండ్లలో అన్నయ్యలు ఎందరో ఉన్నారు. కాని రేడియో అన్నయ్య అనగానే రెండు మూడు తరములవారికి గుర్తుకు వచ్చేది ఒక్కరే. న్యాయపతి రాఘవరావు గారు మన ప్రాంతమువారు కారు. మన సంఘమువారును కారు. అయినను ఈ శతవార్షిక సంచికలో మన పెద్దల జీవితముల సరసన వారి జీవితమును తలచుకొనుట ఉచితమని మాకు తోచినది. నూజివీడు చుట్టుపట్ల మామిడి తోటలలో పెరిగిన మా వయసువారితో, బడిపంతులు గారి తరువాత, ప్రేమగా మాట్లాడిన మొదటి పరాయి పెద్ద ఆయనే.

ఆయన 1905వ సంవత్సరములో బరంపురములో జన్మించారు. అప్పటికి గంజాము జిల్లా మదరాసు రాజధానిలోనిది. 1936లో బరంపురము ఒరిస్సాలో చేరిపోయినది. తెలుగునేల అంచున పుట్టినవారు తెలుగు పిల్లలందరికీ అన్న అగుట విశేషమే.

1938 జూన్‌లో మదరాసులో ఆలిండియా రేడియో కేంద్రము ప్రారంభమైనది. మన విజయవాడ కేంద్రము వచ్చుటకు 1948 డిసెంబరు వరకు ఆగవలసివచ్చినది గనుక, ఆ పదేండ్లు ఆంధ్ర జిల్లాలకు మదరాసే దిక్కు. ఆ కేంద్రములో తెలుగు పిల్లల కార్యక్రమమును రాఘవరావు గారు, వారి సతీమణి కామేశ్వరి గారు కలిసి నడిపినారు. ఇంటిలో భార్యాభర్తలు, మైకు ముందు అన్నయ్య, అక్కయ్య! వరుస కుదరలేదని పెద్దలెవరైనా నవ్వుకొన్నారేమో గాని, పిల్లలకు ఆ సందేహమే రాలేదు.

ఆ రోజులలో ప్రసారములు చాలవరకు అప్పటికప్పుడు జరిగేవి. మైకు ముందు నిలిచిన పసివాడు పాట మధ్యలో మరచిపోతే చెరిపి మరల చెప్పించుటకు వీలులేదు. అటువంటి కాలములో పిల్లలకు పెద్దలు నీతులు చెప్పి పంపివేయుట సులభము. వీరు ఆ సులభమార్గము పట్టలేదు. పాటలు, నాటికలు, కథలు, పొడుపుకథలు పిల్లలచేతనే చేయించినారు. పెద్దలున్న చోట పిల్లలు నోరు మూసుకొని కూర్చొనుటే మర్యాద అనుకొను దేశములో ఇది చిన్న సంగతి కాదు. వారు చేసిన పనులన్నిటిలో మాకు మిక్కిలి గొప్పదిగా కనిపించేది ఇదే.

1940లో బాలానంద సంఘము స్థాపించినారు. 1945లో బాల అను మాసపత్రిక ప్రారంభించి 1959 వరకు నడిపినారు. పిల్లల పత్రికను అన్నేండ్లు నడుపుట ఎంత కష్టమో కాగితము కొని, అచ్చు వేయించినవారికే తెలియును. చిత్రకారుడు బాపు గారి తొలి బొమ్మలు, ముళ్లపూడి వెంకటరమణ గారి తొలి కథ ఆ పత్రికలోనే అచ్చయినవి. అప్పటికి వారిరువురును బడిపిల్లలే. ఎవరిలో ఏమున్నదో ముందుగా ఎవరికి తెలియును? చోటు ఇచ్చినందుననే అది బయటపడినది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట దంపతులు హైదరాబాదు చేరి, అక్కడి ఆకాశవాణి ద్వారాను, ఆంధ్ర బాలానంద సంఘము ద్వారాను అదే సేవ కొనసాగించినారు. మేము వారిని ఎరుగుట ఆ తరువాతి కాలములో. రేడియోకు ఏటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టవలసిన రోజులవి. అందుచేత ఊరికి రెండు మూడు సెట్లుంటే గొప్ప. మా పిల్లలకు వేసవి సెలవులనగా తోట కాపలా: చిలుకలను తోలుట, గాలికి రాలిన చిన్నరసాలు, కలెక్టరు కాయలు ఏరి గంపల కెత్తుట. పిల్లల కార్యక్రమము వేళకు ఎవరి అరుగుమీదనో రేడియో మ్రోగుచున్నదంటే గంప అక్కడే దింపి పరుగెత్తేవారము. అరుగు ఎవరిదైనను క్రింద నిలబడి వినుటకు అడ్డులేదు. కూలివారి పిల్లలము, కామందు పిల్లలు, ఏ వాడవారమైనను సరే, అన్నయ్య పిలుపు అందరికీ ఒక్కటే. మా వంటివారికి ఆ సమానత్వము మరియొకచోట అంత సులువుగా దొరికేది కాదు.

ఒక్క మాట దాచక వ్రాయవలెను. స్టూడియో వరకు పోగలిగినవారు ఎక్కువగా పట్టణపు పిల్లలే. పల్లెటూరివారము వినుటయే గాని మైకు ముఖము చూడలేదు. అనేక ఊళ్లలో బాలానంద సంఘములు వెలసినందున ఆ కొరత కొంత తీరినది గాని పూర్తిగా తీరలేదు. ఆ నేరము వారిది కాదు, దూరముది, దారిద్ర్యముది.

కామేశ్వరి గారు 1980లో కన్నుమూసినారు. అక్కయ్య లేని నాలుగేండ్ల తరువాత, 1984 ఫిబ్రవరిలో, రాఘవరావు గారును వెళ్లిపోయినారు. అప్పటికి వారి వయస్సు డెబ్బదియెనిమిది. ఆ వార్త తెలిసిన నాటికి మాలో చాలమందిమి బిడ్డల తండ్రులము, తల్లులము. అయినను మాకు ఆయనను అన్నయ్య అనుటయే అలవాటు, రాఘవరావు గారు అనుట ఇప్పటికిని క్రొత్తగానే ఉన్నది.