వేటకాని చదువు: జిమ్ కార్బెట్

వేటకాండ్ర సంకల్పములు చాల పాతవి. రాబోయే వేటకాలము నాటికి గురి సరిచేసుకోవలెననీ, ఎండుటాకుమీద అడుగు పడకుండా నడవడము నేర్చుకోవలెననీ, తుపాకిని ఏ పూటకాపూట తుడిచి పెట్టుకోవలెననీ, దూరాన కనబడిన జంతువుమీద ఆశపడి కాల్చరాదనీ అనుకోని వేటకాడు ఉండడు. ఆ కాలము రానే వచ్చును. పాత చేయి, పాత తొందర మళ్ళీ అడవికి బయలుదేరును. పరీక్షలు ముగిసిన మరునాడు మన విద్యార్థులు చేసుకొనే సంకల్పములకూ వీటికీ దగ్గరి చుట్టరికము. అయితే విద్యార్థి వాయిదా వేసిన చదువుకు నష్టము చాలవరకు అతనిదే. వేటకాడు వాయిదా వేసిన చదువుకు మూల్యము మరెవరో చెల్లింతురు. హిమాలయ పాదములనున్న కుమావూఁ సీమలో గడ్డికీ, పుల్లలకూ అడవికి పోయిన ఆడవారు దానిని ప్రాణములతో చెల్లించినారు. ఆ సంగతిని లోకమునకు విప్పి చెప్పినవాడు జిమ్ కార్బెట్.

ఆయన పూర్తి పేరు ఎడ్వర్డ్ జేమ్స్ కార్బెట్. 1875 జూలై 25న నైనిటాల్‌లో పుట్టినాడు. తండ్రి క్రిస్టఫర్ ఆ ఊరి పోస్టుమాస్టరు. పెద్ద సంసారము. 1881లో తండ్రి పోగా, ఆ బరువంతయు తల్లి మేరీ జేన్ మీద పడినది. వేసవిలో నైనిటాల్‌లోను, చలికాలములో కొండ దిగువనున్న కాలాఢుంగీలోను ఆ కుటుంబము కాపురముండేది. కాలాఢుంగీ ఇంటి గడప దాటితే అడవి. జిమ్ మనసు పెట్టి చదివిన బడి అదియే.

ఆ చదువు ఉండేలుతో మొదలయినది. తరువాత విల్లంబులు వచ్చినవి. ఆ తరువాత పక్షులను గురించి గ్రంథము రచించుచున్న స్టీఫెన్ డీస్ అనే బంధువు, పక్షులను సేకరించి తెచ్చే పనికై ఒక పాత తుపాకిని బాలుని చేతికిచ్చినాడు. మూతినుండి మందు కూరి పేల్చే జంటగొట్టాల తుపాకి అది. రెండు గొట్టములలో ఒకటి పగిలినది, మొద్దుకు తీగ చుట్టి బిగించినారు. ఇటువంటి ఆయుధమును చూసి నవ్వుకోవచ్చును గాని, దానిలో ఒక మేలున్నది. ఒక్క గొట్టమే పనిచేయునప్పుడు దెబ్బ తప్పినచో మళ్ళీ మందు కూరి, రవలు దట్టించేలోపల పిట్ట ఎగిరిపోవును. కనుక కాల్చుటకు ముందే దగ్గరకు చేరవలెను, చేరుటకు చప్పుడు లేకుండా నడవవలెను. మంచి తుపాకి దొరికినవాడు ఈ రెండింటిని వాయిదా వేయగలడు. పగిలిన తుపాకివానికి ఆ వీలు లేదు.

బడిలోని కేడెట్ దళమున చేరిన తరువాత అక్కడి సార్జెంటు మేజరు అతనికి ఒక మార్టినీ రైఫిలును ఎరువిచ్చినాడు. తుపాకిని శుభ్రముగా ఉంచవలెననీ, కాల్చిన తూటాల ఖాళీ గొట్టములను లెక్కకు తిరిగి తేవలెననీ షరతు. అదియు ఒక్క తూటాతో పేలే తుపాకియే. మొదటి చిరుతపులిని ఆ బాలుడు దానితోనే కొట్టినాడు.

ఈ విద్యలో ఆయనకు గురువులు ఇద్దరు. ఒకరు అన్నగారు టామ్. రెండవవాడు చాందినీ చౌక్ గ్రామపు పెద్ద కున్వర్ సింగ్, ఆ సీమలోని దొంగవేటకాండ్రలో మేటి. అడవిలో ఏ చెట్టునైనను ఎక్కగలిగి ఉండవలెననీ, భయమును దాచుకోవలసిన పని లేదు గాని దాని చేతికి కాళ్ళను అప్పగించరాదనీ జిమ్‌కు నేర్పిన ఉపాధ్యాయుడాయన. ఇంతటి మనిషికి నల్లమందు అలవాటయినది. మానుదము, మానుదము అనుకొంటూనే మానలేక, చివరకు గుడిసెలో చావుకు సిద్ధముగా పడియున్నాడు. కార్బెట్ వచ్చి చూసి, దగ్గర కూర్చుండి, ఇక ముట్టనని ప్రమాణము చేయించినాడు. ఆ రాజపుత్రుడు మాట తప్పలేదు. మరికొన్నేండ్లు ఆరోగ్యముగా బ్రతికినాడు. శిష్యుడు గురువును ఒడ్డుకు చేర్చిన కథలు మన వాఙ్మయములో అరుదు. ఇది ఉత్తరాది అడవులలో జరిగినది.

కార్బెట్ నేర్చిన విద్యలో తుపాకి పాలు తక్కువ, చెవి పాలు ఎక్కువ. దుప్పి హెచ్చరికగా అరచినచో ఆ అరుపు ఏ దిక్కుకు ముఖము పెట్టి అరచినది, కొండముచ్చు కొమ్మమీదనుండి చూచినది చిరుతనా పెద్దపులినా, ఆ జంతువు నడచుచున్నదా పండుకొన్నదా అన్నవి ఆయన వినికిడితో నిర్ణయించేవాడు. మెత్తని నేలమీద పంజా గుర్తును చూసి ఆడదో మగదో, ఎంత వయసుదో, ఎంతసేపటి క్రిందట పోయినదో చెప్పేవాడు. అష్టాదశ వర్ణనలలో వేట లేకపోయినను మన ప్రబంధకవులు దానిని విడిచిపెట్టలేదు. మనుచరిత్రలోని స్వరోచి వేటను మా తరగతులలో బోధించునప్పుడెల్ల నాకు ఒక లోటు తోచేది. కుక్కలు, వలలు, కేకలు, మృగముల పరుగులు అన్నియు ఉన్నవి గాని, వినుటకై ఊపిరి బిగబట్టి నిలిచిన వేటకాడు కనబడడు. రాజుల వేటలో అతని అవసరము లేదు కాబోలు.

యౌవనములో జిమ్ రైల్వే కొలువునకు పోయినాడు. మానక్‌పూర్‌లో కట్టెల లెక్క చూసి, 1895లో గంగ ఒడ్డున మొకామా ఘాట్‌లో సరకుల ఎగుమతి దిగుమతుల కాంట్రాక్టు పుచ్చుకొని, ఇరువది యేండ్లకు పైగా కూలీలతోపాటు శ్రమించినాడు. సెలవు దొరికినప్పుడే కొండలకు వచ్చేవాడు. నరభక్షక మృగములను వేటాడి పేరుపొందిన ఈయనకు వేట వృత్తి కాదన్న సంగతి చాలమంది మరచిపోవుదురు.

1907లో చంపావత్ పులి సంగతి వచ్చినది. నేపాళములోను, కుమావూఁలోను కలిపి నాలుగు వందల మందికి పైగా మనుషులను తిన్న ఆడపులి అది. దానిని చంపుటకు ఒప్పుకొనే ముందు కార్బెట్ రెండు షరతులు పెట్టినాడు. ప్రభుత్వము ప్రకటించిన బహుమానమును రద్దు చేయవలెను, అడవిలో తిరుగుచున్న తక్కిన వేటకాండ్రనందరిని వెనుకకు పిలిపింపవలెను. డబ్బుకు చంపేవాడనిపించుకొనుట ఆయనకు ఇష్టము లేదు. తొందర చేతులవాని గుండుకు తాను పడుటయు ఇష్టము లేదు.

ఆ వేటలో ఆయన చేసిన పొరపాట్లను ఆయనే దాచకుండా వ్రాసినాడు. పులి ఎత్తుకొనిపోయిన ఒక బాలిక జాడను పట్టి ఒంటరిగా పోవుచు, ఒకచోట ఆమె దేహశకలమును చూసి మనసు చెదరి, పులి సంగతియే మరచి నిలుచుండిపోయినాడు. పైనున్న గట్టునుండి కొంచెము మట్టి జారిపడిన చప్పుడు చెవిని పడబట్టి తుపాకి ఎత్తినాడు, బ్రతికినాడు. మరునాడు తహసీలుదారు పోగుచేసిన 298 మంది గ్రామస్థులు కొండమీదనుండి కేకలు వేసి పులిని తోలినారు. కార్బెట్ తనవెంట తెచ్చుకొన్నవి మూడే తూటాలు. అంతకు మించి కాల్చే అవకాశము రాదని లెక్క వేసుకొన్నాడు. మూడును అయిపోయినవి. పులి గాయపడి ఎదుట నిలిచియున్నది. పరుగున పోయి తహసీలుదారు చేతిలోని తుపాకిని లాగికొని వచ్చి చూచుకొంటే, గొట్టములకూ వాటి వెనుక కట్టుకూ నడుమ సందున్నది. ఎన్నడును బాగుచేయింపని తుపాకి. బాగుచేయింపవలెనని ఆ ఉద్యోగియు అనుకొంటూనే ఉండియుండును. తెరచిన నోటికి గురిపెట్టిన గుండు పంజాకు తగిలినది. అంతకు ముందు తగిలిన దెబ్బలవలననే ఆ పులి ప్రాణము విడిచినది.

అసలు విషయము పులి చచ్చిన తరువాత బయటపడినది. దాని నోట కుడివైపున పై కోర సగము విరిగియున్నది, క్రింది కోర మొదటికే పోయినది. ఎన్నడో ఎవరో కాల్చిన తుపాకి దెబ్బ. కోరలు లేక తన సహజమైన ఆహారమును పట్టలేని పులి మనుషులమీద పడినది. పులి నరభక్షకి అగుటకు పదింట తొమ్మిది పాళ్ళు గాయమే కారణమనీ, పదవది ముసలితనమనీ కార్బెట్ తన అనుభవముమీద నిర్ణయించినాడు. ఆ గాయములలో కొన్ని ముళ్ళపందిని పట్టబోయి తెచ్చుకొన్నవి. కొన్ని మాత్రము కాల్చి, గురి తప్పి, వెదకకుండా ఇంటికి పోయినవాని పుణ్యము. చంపావత్ పులిని కాల్చి వదలినవాడు ఎవడో చరిత్రకు తెలియదు. అతడు ఆ సాయంకాలము భోజనముచేసి, రేపటినుండి గురి అభ్యసింపవలెననుకొని నిద్రపోయియుండును. నాలుగు వందల పైచిలుకు ప్రాణములు దాని వెనుక ఉన్నవి.

ఆ తరువాత 1910లో పనార్ చిరుత, మరికొన్ని పులులు. మొదటి ప్రపంచ యుద్ధములో ఐదువందల మంది కుమావూనీలను వెంటబెట్టుకొని ఫ్రాన్సుకు పోయి వచ్చినాడు.

ఇక రుద్రప్రయాగ చిరుత. కేదారనాథ, బదరీనాథ యాత్రికులు నడిచే బాటమీద 1918 నుండి ఎనిమిదేండ్లు అది తిరిగినది. ప్రభుత్వపు లెక్కకు 125 మందిని చంపినది. విషము పెట్టినారు, బోనులు పన్నినారు, అన్నింటిని తప్పించుకొన్నది. కార్బెట్ అలకనంద మీది వంతెన బురుజుపై వరుసగా ఇరువది రాత్రులు చలిగాలిలో కాచినాడు. చిరుత రాలేదు. ఓపిక యనునది వేటకాండ్రందరును మెచ్చుకొని, ఎవరును అభ్యసింపని గుణము. ఆయన మాత్రము ఇంటికి పోయి మళ్ళీ వచ్చినాడు. గోలాబ్రాయి దగ్గర బాట ప్రక్కనున్న మామిడిచెట్టు ఎక్కి, క్రింద మెడకు గంట కట్టిన మేకను ఉంచి, రాత్రి వెంట రాత్రి కూర్చున్నాడు. 1926 మే నెల మొదట ఒక రాత్రి గంట మోగినది. టార్చిలైటు ఒక్క క్షణము వెలిగినది, తుపాకి పేలినది. ఆ మరునాటినుండి యాత్రికుల చట్టీలలో రాత్రివేళ తలుపులు తెరచుకొన్నవి.

చెవియే ఆస్తిగా బ్రతికిన ఈ మనిషికి 1929లో ఆ చెవికే దెబ్బ తగిలినది. తరాయి అడవులలో వేటాడుచుండగా దాపున ఉన్న తోటివారి చేతిలోని పెద్ద రైఫిలు అజాగ్రత్తగా ఆయన ఎడమచెవి ప్రక్కనే పేలినది. కర్ణభేరి చెడినది, లోపల చీము పట్టినది. తుపాకి మూతిని ఎటు పట్టుకోవలెనన్నది మొదటి పాఠము గదా! దానిని నేర్వని ఒక్క చేతివలన, ముప్పదియేండ్లకు పైగా సాధనచేసిన వినికిడి సగము పోయినది. ముఖము వాచి, ఒక కన్ను మూసికొనిపోయినను ఆయన తల్లా దేశ్‌కు పోయి, గాయపడిన నరభక్షకిని దినములతరబడి జాడపట్టి చంపినాడు. గాయపరచిన జంతువును అట్లే వదలి వచ్చుట ఆయనకు చేతకాదు. మరుసటి యేడు చౌగఢ్ పులి ఎదురైనప్పుడు ఎడమచేతిలో నైట్‌జార్ అనే రాత్రిపిట్ట గ్రుడ్లు రెండున్నవి. పులి ఎనిమిది అడుగుల దూరాన పొంచియున్నది. గ్రుడ్లను జారవిడువక, తేలికపాటి తుపాకిని ఒంటిచేత్తో అంగుళమంగుళముగా త్రిప్పి కాల్చినాడు.

ఆయన దోషము లేనివాడు కాడు. ఆ 1930లోనే పవల్‌గఢ్‌లో మనిషి జోలికే రాని ఒక మగపులిని, కేవలము దాని పరిమాణమునకు ఆశపడి వేటాడినాడు. పది అడుగుల ఏడంగుళముల పులి. మొదటి గుండుకు అది చావలేదు. గాయముతో తిరుగుచున్నదానిని వెదకి వెదకి చివరకు చంపినాడు. ఇతరులలో ఆయన నిందించిన తప్పునకు ఇది ఎంత దూరమో పాఠకులే ఆలోచింపవలెను. వెదకి చంపినాడు గనుక కొంత దూరమని నా అభిప్రాయము. కాని కాల్చకుండుట ఇంకను మేలు.

అప్పటికే ఆయన చేతికి కెమెరా వచ్చియున్నది. సినిమా కెమెరా చప్పుడుకు పులులు బెదరుచున్నవని, కాలాఢుంగీ అడవిలో ఒక సెలయేటికి చిన్న అడ్డుకట్ట వేసి, ఆ నీటి గలగలలో యంత్రపు ధ్వని కలిసిపోవునట్లు చేసి, నాలుగున్నర నెలలు శ్రమించి పులులను చిత్రించినాడు. చప్పుడు లేని నడక, గాలివాలు, ఓపిక అన్నియు ఈ పనికే ఎక్కువ కావలసివచ్చినవి. 1936లో ఆ ప్రాంతమున హెయిలీ జాతీయోద్యానము వెలసినది. తుపాకిని మాత్రము పూర్తిగా దింపలేదు. 1938 నవంబరు చివర, అరువది మూడేండ్ల వయసులో, తాక్ గ్రామపు నరభక్షకిని దాని పిలుపునే అనుకరించి పిలిచి, పొద్దువాలిన మసక వెలుగులో చంపినాడు. ఒక్క చెవి బాగుగా లేనివాడు పులి గొంతును అంత చక్కగా పట్టుకొన్నాడు!

రెండవ ప్రపంచ యుద్ధములో సైనికులకు అడవిలో మెలగు విధము నేర్పినాడు. 1944లో కుమావూఁ నరభక్షకులను గురించిన ఆయన తొలి పెద్ద గ్రంథము వెలువడి దేశదేశముల పాఠకులను సంపాదించినది. 1947లో అక్క మ్యాగీతో కలిసి కెన్యాకు తరలి, 1955 ఏప్రిల్ 19న న్యేరీలో కన్నుమూసినాడు. అటు తరువాత హెయిలీ ఉద్యానమునకు ఆయన పేరు పెట్టినారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో మన దేశములో పులివేట నిషిద్ధమయినది. పులుల రక్షణకై 1973లో ఆరంభించిన ప్రభుత్వ ప్రణాళిక ఆ ఉద్యానముననే మొదలయినది.

చంపావత్ పులిని చంపినందుకు డబ్బు పుచ్చుకొనని కార్బెట్‌కు అప్పటి లెఫ్టినెంట్ గవర్నరు సర్ జాన్ హ్యూవెట్ ఒక రిగ్బీ రైఫిలును బహూకరించినాడు. ఆయన మరణానంతరము అది ఆయన పుస్తకముల ప్రచురణకర్తల వద్దకు చేరినది. 2015లో దానిని తయారుచేసిన లండను కంపెనీయే తిరిగి కొన్నది. 2016లో ఆ తుపాకిని కొద్ది దినములకై కాలాఢుంగీకి తెచ్చినారు. కార్బెట్ పైరును అడవిపందులనుండి కాపాడుటకై చుట్టును రాతిగోడ కట్టించి ఇచ్చిన ఛోటీ హల్ద్వానీ గ్రామస్థులు వచ్చి దానిని చూసిపోయినారు.