బట్టలుతికే సారా మేడమ్ వాకర్ అయిన కథ

మేడమ్ సి.జె. వాకర్ అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. 1867 డిసెంబర్ 23న అమెరికాలోని లూసియానాలో పుట్టింది. అమ్మానాన్నలు బానిసలుగా బతికినవాళ్లు. ఏడేళ్లకే ఇద్దరూ పోయారు. 14 ఏళ్లకు పెళ్లయింది, 20 ఏళ్లకు భర్త చనిపోయాడు. సెయింట్ లూయిస్ పట్నంలో బట్టలుతికి కూతుర్ని సాకింది.

మాడంతా చుండ్రు, పుండ్లు పట్టి ఆవిడ జుట్టు తెగి రాలిపోయింది. ఆ రోజుల్లో పేదిళ్లలో కొళాయి ఉండేది కాదు, తలస్నానం ఎప్పుడో ఒకసారి. పైగా ఘాటు సబ్బులు, చాలీచాలని తిండి. మొదట అనీ మలోన్ అనే ఆవిడ తయారుచేసిన మందు అమ్మింది. 1906లో డెన్వర్‌లో గంధకం కలిపిన లేపనం తన పేరుతోనే మొదలుపెట్టింది. తల తరచూ కడుక్కోవాలని, మాడు శుభ్రంగా ఉంటేనే జుట్టు నిలుస్తుందని ఇల్లిల్లూ తిరిగి చేసి చూపించింది.

1910లో ఇండియానాపొలిస్ చేరి ఫ్యాక్టరీ పెట్టింది. వేలమంది నల్లజాతి ఆడవాళ్లకు పని నేర్పి ఏజెంట్లను చేసింది. 1917లో ఫిలడెల్ఫియాలో వాళ్లతో మహాసభ జరిపింది. ఎక్కువ అమ్మినవాళ్లకే కాదు, ఎక్కువ దానధర్మం చేసినవాళ్లకూ బహుమతులిచ్చింది. 1919 మే 25న, 51 ఏళ్లకు కన్నుమూసింది.

అక్కచెల్లెళ్లారా, జుట్టు తెగుతుంటే సిగ్గుపడి కొంగు కప్పుకోవద్దు. మాడు శుభ్రం, కడుపునిండా మంచి తిండి ముందు చూసుకుందాం. పుండ్లు పడితే డాక్టరుకు చూపించుకుందాం.