తొమ్మిదేళ్ల ఇద్దరు పిల్లలు: సి.ఎస్. లూయిస్ జీవితం

విశ్వాసుల ఇళ్లలో పిల్లల చేతికి మాయామంత్రాల కథల పుస్తకం చిక్కినప్పుడల్లా ఒక ప్రశ్న లేస్తుంది. చదవనివ్వాలా, లాక్కోవాలా? 1997లో మొదలై 2007లో ఏడవ భాగంతో ముగిసిన హ్యారీ పాటర్ నవలలు ఎన్నో దేశాల సంఘాలను ఈ ప్రశ్న ముందు నిలబెట్టాయి. కొందరు వాటిని ఇంట్లోకే రానివ్వవద్దన్నారు. కొందరు కట్టుకథలే కదా అని ఊరుకున్నారు. మన తెలుగు ఇళ్లకు కూడా ఇది కొత్త సంగతేమీ కాదు. 1947 నుండి చందమామ చదువుతూ పెరిగిన తరాలకు మాంత్రికులు, భేతాళుడు బాగా తెలిసినవారే.

మంత్రవిద్యను గూర్చి లేఖనం చెప్పేది స్పష్టమే. శకునాలు చూడటాన్ని, మంత్రాలు వేయడాన్ని, చనిపోయినవారిని సంప్రదించడాన్ని ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం దేవుని ప్రజలకు నిషేధించింది. ఎఫెసులో విశ్వసించినవారు తమ మాంత్రిక గ్రంథాలను తెచ్చి అందరి ముందు కాల్చివేశారని అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో చదువుతాము. అయితే మంత్రం నేర్పే గ్రంథమూ, మంత్రగత్తె ఒక పాత్రగా ఉన్న పిల్లల కథా ఒకటేనా? ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పే ముందు ఒక మనిషి జీవితాన్ని మీ ముందు ఉంచాలనుకుంటున్నాము. ఆయన చిన్నతనంలో క్షుద్రవిద్యల ఆకర్షణను లోపలినుండి ఎరిగినవాడు. పెద్దయ్యాక మంత్రగత్తెలు, మాట్లాడే జంతువులు ఉన్న ఏడు పుస్తకాలు పిల్లల కోసం రాసినవాడు. ఆ పుస్తకాలతోనే ఎందరో పిల్లలను క్రీస్తు వైపు చూడమన్నవాడు. ఆయనే సి.ఎస్. లూయిస్.

క్లైవ్ స్టేపుల్స్ లూయిస్ 1898 నవంబరు 29న ఐర్లాండులోని బెల్ఫాస్ట్ నగరంలో పుట్టాడు. తండ్రి ఆల్బర్ట్ న్యాయవాది. తల్లి ఫ్లోరా ఒక సంఘ కాపరి కూతురు, గణితంలో పట్టభద్రురాలు. ఇంట్లో అందరూ అతణ్ణి జాక్ అని పిలిచేవారు. ఇంటినిండా పుస్తకాలు ఉండేవి. వాన కురిసే రోజుల్లో జాక్, అన్న వారెన్ కలిసి మాట్లాడే జంతువుల లోకం ఒకటి ఊహించుకొని, దానికి బొమ్మలు గీసి, చరిత్ర రాసుకునేవారు.

1908లో తల్లికి క్యాన్సర్ వచ్చింది. జాక్‌కు అప్పుడు తొమ్మిదేళ్లు. నమ్మకంతో ప్రార్థిస్తే దొరుకుతుందని విన్నాడు కాబట్టి అమ్మ బాగుపడాలని ప్రార్థించాడు. ఆగస్టు 23న ఆమె చనిపోయింది. అప్పుడు కూడా అద్భుతం జరుగుతుందేమోనని ఎదురుచూశాడు. జరగలేదు. చాలా ఏళ్ల తర్వాత ఆ ప్రార్థనను తలచుకొని ఆయన ఒక నిజం ఒప్పుకున్నారు. అప్పుడు తాను దేవుణ్ణి రక్షకునిగా గానీ న్యాయాధిపతిగా గానీ తలచలేదనీ, ఒక మాంత్రికునిగా మాత్రమే తలచాననీ, అడిగిన పని చేసిపెట్టి ఆయన వెళ్లిపోతే చాలనుకున్నాననీ రాసుకున్నారు.

ప్రియులారా, ఇక్కడ మనం కాసేపు ఆగాలి. మంత్రగత్తె ఉన్న పుస్తకం ఒక్కటి కూడా ఆ ప్రార్థనకు కారణం కాదు. దేవునితో సహవాసం అక్కరలేదు, ఆయన చేసే పని మాత్రం కావాలి అనే తలంపు సంఘ కాపరి మనుమడి గుండెలోనే ఉంది. నూనె సీసాను, ప్రార్థన చేసిన రుమాలును, ఒకే వాక్యాన్ని ఇన్నిసార్లు పలకడాన్ని తాయెత్తులా వాడుకునే చోట ఆ తలంపు మన మధ్య కూడా ఉంది.

తల్లి పోయిన కొద్ది వారాలకే జాక్‌ను ఇంగ్లండులోని వసతి పాఠశాలకు పంపించారు. దుఃఖంలో మునిగిన తండ్రికి పిల్లల మనసు అందలేదు. పదమూడేళ్ల ప్రాయంలో వేరొక పాఠశాలలో ఉండగా, పిల్లల బాగోగులు చూసే ఒక స్త్రీ అతనికి దగ్గరైంది. ఆమె మంచి మనిషి, పిల్లలను ప్రేమించేది. అయితే ఆమె సత్యం కోసం దివ్యజ్ఞాన సమాజపు బోధలను, ఆత్మలతో మాట్లాడే పద్ధతులను వెదుకుతూ ఉండేది. కీడు చేయాలన్న తలంపు ఆమెకు లేదు. కానీ ఆమె మాటలతో అదృశ్య లోకాన్ని రహస్యంగా లొంగదీసుకోవచ్చుననే ఆశ ఆ పిల్లవాడిలో రగిలింది. ఆ ఆశ శరీరేచ్ఛ లాంటిదేననీ, ఒకసారి పట్టుకుంటే మిగతావన్నీ చప్పగా అనిపించేలా చేస్తుందనీ లూయిస్ తర్వాత హెచ్చరించారు.

అదే కాలంలో ప్రార్థన కూడా అతనికి భారమైంది. పలికిన ప్రతి మాటను మనసులో గాఢంగా అనుభవించి తీరాలని తనకు తానే ఒక నియమం పెట్టుకున్నాడు. రాత్రుళ్లు నిద్ర మానుకొని అదే ప్రార్థనను మళ్లీ మళ్లీ చేసి అలసిపోయేవాడు. చివరికి విశ్వాసం జారిపోయినప్పుడు అతనికి కలిగింది బాధ కాదు, ఊరట. ఈ సంగతులేవీ అతడు ఎవరితోనూ చెప్పుకోలేదు. 1914లో తండ్రిని నొప్పించడం ఇష్టం లేక, ఏమీ నమ్మకుండానే నిర్ధారణ పొంది ప్రభువు బల్లలో పాలుపొందాడు. తన జీవితంలో చేసిన అతి చెడ్డ పనుల్లో అది ఒకటని ఆయన తర్వాత ఎంతో చింతించారు.

1916లో ఒక రైల్వే స్టేషన్ పుస్తకాల దుకాణంలో స్కాట్లండు బోధకుడు జార్జ్ మెక్‌డొనాల్డ్ రాసిన ఫాంటాస్టీస్ అనే అద్భుత కథ కొన్నాడు. అది దైవశాస్త్ర గ్రంథం కాదు, కల్పిత కథ. అయినా అందులో తాను ఎన్నడూ ఎరుగని ఒక పరిశుద్ధత తగిలిందనీ, తన ఊహాశక్తి ఆనాడే బాప్తిస్మం పొందిందనీ ఆయన చెప్పుకున్నారు. మిగతా మనిషి మారడానికి మరో పదిహేనేళ్లు పట్టింది.

ఆ మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. తన పందొమ్మిదవ పుట్టినరోజున ఫ్రాన్సులోని కందకాలకు చేరాడు. 1918 ఏప్రిల్‌లో పక్కనే పేలిన గుండు అతణ్ణి గాయపరచింది. యుద్ధంలో చనిపోయిన స్నేహితుడికి ఇచ్చిన మాట ప్రకారం ఆ స్నేహితుని తల్లిని 1951లో ఆమె మరణించే వరకూ చూసుకున్నారు. ఆక్స్‌ఫర్డులో చదువు ముగించి 1925లో మాగ్డలెన్ కళాశాలలో ఆంగ్ల సాహిత్య అధ్యాపకులయ్యారు. అక్కడ పరిచయమైన స్నేహితులలో జె.ఆర్.ఆర్. టోల్కీన్ ఒకరు. టోల్కీన్ భక్తిగల కథోలిక విశ్వాసి.

దేవుడు లేడని వాదించిన లూయిస్, ఎంతో అయిష్టంగానే, మొదట దేవుడున్నాడని ఒప్పుకొని మోకరించారు. 1931 సెప్టెంబరులో ఒక రాత్రి టోల్కీన్, హ్యూగో డైసన్ అనే మరొక స్నేహితుడు కళాశాల తోటలో నడుస్తూ ఆయనతో చాలాసేపు మాట్లాడారు. చనిపోయి తిరిగి లేచే దేవుని గూర్చిన పాత పురాణ గాథలంటే లూయిస్‌కు ప్రాణం. క్రీస్తు సువార్త కూడా అలా హృదయాన్ని కదిలించే కథేననీ, అయితే ఇది నిజంగా చరిత్రలో జరిగిందనీ వారు వివరించారు. కొద్ది రోజులకు, సెప్టెంబరు 28న, అన్న నడిపే మోటారు సైకిల్ పక్క బండిలో కూర్చొని జంతు ప్రదర్శనశాలకు బయలుదేరారు. బయలుదేరినప్పుడు యేసుక్రీస్తు దేవుని కుమారుడని ఆయన నమ్మలేదు. చేరేసరికి నమ్మారు. అప్పటికి ఆయన వయసు 32.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1941 నుండి 1944 వరకు, బీబీసీ రేడియోలో ఆయన చేసిన ప్రసంగాలు సామాన్య ప్రజలకు క్రైస్తవ విశ్వాసాన్ని విప్పి చెప్పాయి. అవే 1952లో మియర్ క్రిస్టియానిటీ అనే పుస్తకంగా వచ్చాయి. పుస్తకాల మీద వచ్చిన డబ్బులో ఎక్కువ భాగాన్ని ఆయన పేదలకు, అవసరంలో ఉన్నవారికి రహస్యంగా పంచిపెట్టేవారు. సంపాదన ఎంత పెరిగినా మామూలు బట్టలతో, మామూలు ఇంట్లోనే బ్రతికారు.

మంచు కురిసే అడవిలో గొడుగు పట్టుకొని నడిచే ఒక వింత జీవి బొమ్మ పదహారేళ్ల నుండి ఆయన మనసులో ఉండేది. 1939లో బాంబుల భయంతో లండను నుండి పంపిన పిల్లలకు తన ఇంట చోటిచ్చారు. యాభై ఏళ్లు సమీపించాక ఆ బొమ్మ కథ అయింది. 1950లో ది లయన్, ది విచ్ అండ్ ది వార్డ్‌రోబ్ వెలువడింది. నలుగురు పిల్లలు ఒక బట్టల బీరువాలోంచి నార్నియా అనే లోకంలో అడుగుపెడతారు. అక్కడ ఒక మంత్రగత్తె పాలనలో ఎప్పుడూ చలికాలమే. అస్లాన్ అనే సింహం, ద్రోహం చేసిన ఒక పిల్లవాడి బదులు తన ప్రాణమిచ్చి తిరిగి లేస్తుంది. 1956 నాటికి ఏడు పుస్తకాలు పూర్తయ్యాయి. స్నేహితుడు టోల్కీన్‌కే అవి నచ్చలేదు. పిల్లలకు మాత్రం ఎంతో నచ్చాయి. సంచుల కొద్దీ ఉత్తరాలు వచ్చాయి. చేతిలో నొప్పి ఉన్నా, ఆరోగ్యం క్షీణించినా, వాటికి జవాబివ్వడం తన బాధ్యతగా ఎంచి చివరి దినాల వరకూ తన చేతితో రాశారు.

ఈ కథల్లో మంత్రం ఎవరి చేతిలో ఉందో చూడాలి. ఆరవ పుస్తకంలో వచ్చే ఆండ్రూ మామ తన ప్రయోగాలకు ఇతరుల పిల్లలను పంపే పిరికివాడు. జేడిస్ అనే రాణి పంతం నెగ్గించుకోవడానికి ఒక్క మాటతో ఒక లోకాన్నే చంపేసింది. ఆ కథల్లో మంచి మాయ కూడా ఉంది, అది లేదని మేము చెప్పము. అయితే అధికారం కోసం మంత్రాన్ని చేపట్టినవారిని ఆయన ఎక్కడా గొప్పగా చూపలేదు. అదే పుస్తకంలో డిగొరీ అనే పిల్లవాడి తల్లి చావుబతుకుల్లో ఉంటుంది. ఆమెను బాగుచేయగల పండు అతని చేతికి చిక్కుతుంది. దొంగిలించి తీసుకుపొమ్మని జేడిస్ ప్రేరేపిస్తుంది. అతడు ఏడుస్తూనే విధేయుడై పండును అస్లాన్‌కు అప్పగిస్తాడు. తర్వాత అస్లాన్ తానే ఒక పండు ఇచ్చి పంపగా తల్లి బ్రతుకుతుంది. 1908లో దేవుణ్ణి మాంత్రికునిగా తలచిన తొమ్మిదేళ్ల జాక్ నలభై ఏడేళ్లకు నేర్చుకున్న పాఠం అది. లాక్కున్నదానికీ, దేవుని చేతినుండి పొందినదానికీ మధ్యనున్న భేదం అది.

ఆ పుస్తకం వెలువడిన 1955లోనే అమెరికా నుండి ఒక తల్లి లూయిస్‌కు ఉత్తరం రాసింది. ఆమె కుమారుడికి తొమ్మిదేళ్లు. తాను యేసు కంటే అస్లాన్‌నే ఎక్కువ ప్రేమిస్తున్నానేమోనని, అది విగ్రహారాధన అవుతుందేమోనని ఆ పిల్లవాడు లోలోపల నలిగిపోతున్నాడు. పది రోజుల్లోనే జవాబు వచ్చింది. అస్లాన్ చేసినవీ చెప్పినవీ నిజానికి యేసు చేసినవీ చెప్పినవే కాబట్టి, వాటిని బట్టి అస్లాన్‌ను ప్రేమించే పిల్లవాడు యేసునే ప్రేమిస్తున్నాడని లూయిస్ ధైర్యం చెప్పారు. చిన్నపిల్లల ఊహ ఎలా నడుస్తుందో దేవునికి తెలుసునన్నారు. ఆ ప్రేమలో తప్పేమైనా ఉంటే తీసివేయమని చేసుకోదగిన చిన్న ప్రార్థన కూడా రాసి పంపారు. తన కోసం కూడా ప్రార్థించమని ఆ పిల్లవాణ్ణి కోరారు.

ఆయన విశ్వాసానికి గట్టి పరీక్ష ఆ తర్వాత వచ్చింది. 1957 మార్చిలో ఆసుపత్రి మంచం పక్కన, క్యాన్సర్‌తో ఉన్న జాయ్ డేవిడ్‌మన్‌తో క్రైస్తవ వివాహం జరిగింది. కాపరి ఆమె మీద చేతులుంచి ప్రార్థించాడు. ఆమె లేచి నడిచింది. వారికి మూడేళ్లు దక్కాయి. 1960 జూలైలో ఆమె ప్రభువునందు నిద్రించింది. తల్లిని తీసుకుపోయిన జబ్బే భార్యనూ తీసుకుపోయింది. ఆమె ఇద్దరు కుమారులు కూడా, ఒకప్పుడు ఆయనలాగే, తల్లిలేని పిల్లలయ్యారు. ఆయన తన కోపాన్ని, సందేహాలను దాచకుండా దేవుని ముందు కుమ్మరించి, మారుపేరుతో ఒక చిన్న పుస్తకంగా ప్రచురించారు. కానీ ఈసారి దేవుణ్ణి విడిచి వెళ్లలేదు. అడిగినది చేయలేదని తోసివేయడానికి ఆయన దేవుడు ఇప్పుడు మాంత్రికుడు కాడు. 1963 నవంబరు 22న, అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ హత్యకు గురైన రోజునే, లూయిస్ తన ఇంట్లో కన్నుమూశారు. తాను ఆరాధించిన గ్రామ దేవాలయపు ఆవరణలో ఆయనను సమాధి చేశారు.

ఈ జీవితంలో తొమ్మిదేళ్ల పిల్లలు ఇద్దరు కనబడుతున్నారు. ఒకడు తన ప్రశ్నలను గుండెలోనే దాచుకున్నాడు. అడిగేవారు లేని ఆ ఖాళీలోకి క్షుద్రవిద్య ఆకర్షణ చొరబడింది, అది కూడా పుస్తకం ద్వారా కాదు, అతడు నమ్మిన ఒక పెద్ద మనిషి ద్వారా. రెండవవాడు తన భయాన్ని తల్లితో చెప్పుకోగలిగాడు. ఆమె పుస్తకాన్ని చించలేదు, నవ్వి కొట్టిపారేయలేదు. కూర్చొని ఉత్తరం రాసింది.

ప్రియ పాఠకులారా, ప్రతి మాయాకథ నార్నియా కాదు. మంత్రవిద్యను నిజంగా నేర్పజూసే పుస్తకానికి మన ఇంట్లో చోటు లేదు. కానీ ఏది ఎలాంటిదో తెలుసుకోవాలంటే ముందు మనం చదవాలి, పిల్లల పక్కన కూర్చొని చదవాలి. ఆ కథలో ఎవరిని ప్రేమించావు, ఎందుకు ప్రేమించావు అని అడగాలి. ఆ జవాబులోనే మన పని మొదలవుతుంది. మన పిల్లలు తమ ప్రశ్నలను మన దగ్గరకే తెచ్చుకునేటంత ఓపికను ప్రభువు మన సంఘాలకు, మన గృహాలకు అనుగ్రహించును గాక.